రేడియో విప్పే పిల్లల గురించి

మన తాండూరులో పది తప్పిన పిలగాణ్ణి నేరుగా నాపరాయి పాలిష్ మిషను దగ్గరికి పంపుతాం. వాడే ఇంట్లో పాడైన రేడియో విప్పితే మాత్రం తిడతాం! ప్లగ్గు పీకి, విప్పనివ్వండి.

మొదట 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్‌ఈడీ, 470 ఓముల రెసిస్టరు చాలు. ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 7ను 470తో భాగిస్తే దాదాపు 15 మిల్లీ ఆంపియర్లు. రెసిస్టరు లేకుంటే ఎల్‌ఈడీ మాడిపోతుంది. ఓమ్ సూత్రం ఉర్దూలో చదివినా, తెలుగులో చదివినా లెక్క ఒకటే. సామాను హైదరాబాదు కోఠీ, గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. వికారాబాదు మీదుగా రైల్లో పొద్దున పోయి సాయంత్రం రావచ్చు.

పాత కంప్యూటరు దొరికితే ర్యామ్ తీసి మళ్లీ పెట్టడం నేర్చుకోవాలి. పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. పది పాసైతే ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ కోర్సుంది, 2 ఏళ్లు.

సొసైటీవారు ఒక మల్టీమీటరు కొనిస్తే బడిలో పెడతాను. ఆడపిల్లలు కూడా అడుగుతున్నారు.