భయం వేస్తే విశ్వాసం లేనట్టేనా?

ఈ రోజు ఎపిసోడ్‌లో స్లైడ్స్ లేవు, వెనకాల మ్యూజిక్ కూడా లేదు. కూర్చుని మాట్లాడుకుందాం, అంతే.

పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. పేరు చెప్పను. "అన్నా, ప్రార్థనకి కూర్చుంటే రెండు నిమిషాల్లో చెయ్యి ఫోన్ మీదకి పోతోంది. రాత్రి పడుకుంటే గుండె దడ. ఆదివారం మాత్రం అందరి ముందు కీబోర్డ్ వాయిస్తాను. నేను నటిస్తున్నానా? అసలు నాకు విశ్వాసం ఉందా?" అని అడిగాడు.

రెండు వచనాలు పంపి, చివర్లో చేతులు జోడించిన ఎమోజీ పెడితే నా పని అయిపోయేది. పెట్టలేకపోయాను. ఎందుకంటే 2023లో ఇదే మెసేజ్ నేను ఎవరికో ఒకరికి పంపాల్సింది. పంపలేదు. ఆ కథ ఈ ఛానెల్‌లో ఇప్పటిదాకా పూర్తిగా చెప్పలేదు.

నాది పాలకొల్లు దగ్గర ఒక పల్లెటూరు. 2019లో బీటెక్ అయింది, హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో మొదటి ఇంజినీర్ని నేనే. 2022 డిసెంబర్ 31 రాత్రి ఊళ్ళో మా మందిరంలో కొత్త సంవత్సరం ఆరాధన. మీకు తెలుసు కదా, పన్నెండు కొట్టేలోపు సాక్ష్యాలు, తర్వాత వాగ్దానం కార్డులు, తర్వాత కేకు. ఆ రాత్రి నేను మైక్ పట్టుకుని సాక్ష్యం చెప్పాను. దేవుడు నాకు మంచి ఉద్యోగం ఇచ్చాడు, జీతం పెంచాడు, ఇంటికి స్లాబ్ వేయించాడు అని. అందరూ హల్లెలూయా అన్నారు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఏడు వారాలు తిరగలేదు. ఫిబ్రవరిలో ఒక రోజు పొద్దున్నే 15 నిమిషాల మీటింగ్ అని ఇన్వైట్ వచ్చింది. మీటింగ్ అయ్యేసరికి లాప్‌టాప్‌లో నా లాగిన్ పని చేయడం లేదు. ఆ ఏడాది మొదట్లో చాలా మందికి ఇలాగే జరిగింది, నాకొక్కడికే కాదు. కానీ ఆ రోజు నాకొక్కడికే జరిగినట్టు అనిపించింది.

ఎవరికీ చెప్పలేదు. స్లాబ్ లోన్ ఈఎంఐ నా జీతం మీదే నడుస్తోంది, అదొక కారణం. దానికంటే పెద్ద కారణం ఆ సాక్ష్యం. దేవుడు నాతో ఉన్నాడనడానికి రుజువుగా ఉద్యోగాన్ని చూపించాను కదా, ఇప్పుడు ఆ రుజువు పోయింది. మందిరంలో ఎవరి మొహం చూడాలి? రోజూ పొద్దున్నే బ్యాగ్ తగిలించుకుని, కేపీహెచ్‌బీలో పీజీ హాస్టల్ నుంచి బయటకొచ్చి మెట్రో ఎక్కేవాణ్ణి. అమీర్‌పేటలో దిగి, ఎక్కడో ఒక టీ కొట్టు పక్కన కూర్చుని రెజ్యూమెలు పంపేవాణ్ణి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చినట్టే రూముకి వచ్చేవాణ్ణి. ఆదివారం యథాప్రకారం మా యూత్‌లో గిటార్.

రాత్రిళ్ళే అసలు సమస్య. కళ్ళు మూస్తే లెక్కలు. అకౌంట్‌లో ఎంత ఉంది, ఎన్ని నెలలు వస్తుంది, నాన్నకి తెలిస్తే ఏంటి. అందుకే కళ్ళు మూసేవాణ్ణి కాదు. తెల్లవారుజామున మూడింటి దాకా రీల్స్.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. నా ఉద్యోగమే నోటిఫికేషన్లు పంపించడం. మనిషి మూడు రోజులు యాప్ తెరవకపోతే ఏ మాట పంపితే తెరుస్తాడు? సగం మందికి ఒక వాక్యం, సగం మందికి ఇంకో వాక్యం పంపి, ఎక్కువ మంది దేన్ని నొక్కితే దాన్ని ఉంచేవాళ్ళం. నొక్కినవాళ్ళలో భయంతో నిద్ర పట్టనివాళ్ళు ఎంతమంది ఉన్నారని మేం ఎప్పుడూ లెక్క వేయలేదు. కింద చివర అనేదే లేకుండా జరుగుతూ పోయే స్క్రోల్ ఉంది కదా, అది 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేసింది. తర్వాత దాని గురించి ఆయనే బాధపడ్డాడు. పుస్తకంలో పేజీ అయిపోతుంది. అక్కడ ఒక్క క్షణం ఆగుతాం, ఏదో ఒక ఆలోచన వస్తుంది. స్క్రోల్‌లో ఆ క్షణం ఉండదు. నాకు ఆ రోజుల్లో కావాల్సిందే అది. ఆలోచన రాకూడదు.

పైగా నేను చూసినవన్నీ సినిమా రీల్సేం కాదు. ప్రసంగాల ముక్కలు, ఆరాధన పాటల ముక్కలు, అర నిమిషంలో వాక్యం. దేవుని మాటలే కదా, తప్పేంటి అనుకునేవాణ్ణి. ఒక్కటీ పూర్తిగా వినలేదు. ఈ వీడియో కూడా మీరు అలాగే చూస్తుంటే నేనేం అనలేను, నేనూ అదే బ్యాచ్.

మా ఇంట్లో రోజూ రాత్రి తొమ్మిదికి కుటుంబ ప్రార్థన. నేను హైదరాబాద్ వచ్చాక అమ్మ వాట్సాప్ కాల్ చేసి, స్పీకర్‌లో పెట్టి, నన్నూ కలుపుతుంది. నా పద్ధతి ఏంటంటే, మ్యూట్‌లో పెట్టి రీల్స్ చూసుకుంటూ, చివర్లో మ్యూట్ తీసి ఆమేన్ అనడం. మే నెలలో ఒక రాత్రి మ్యూట్ పెట్టడం మర్చిపోయాను. అమ్మ ప్రార్థన చేస్తోంది. మా బాబు ఉద్యోగాన్ని కాపాడు ప్రభువా, మా బాబు ఆరోగ్యాన్ని కాపాడు ప్రభువా అంటూ ఏడుస్తోంది. సరిగ్గా అప్పుడు నా ఫోన్‌లో ఒక ఫుడ్ వ్లాగర్ "అన్‌లిమిటెడ్ బిర్యానీ మామా!" అని అరిచాడు.

నవ్వండి, ఫరవాలేదు. కెమెరా వెనక మావాడు ఆల్రెడీ నవ్వుతున్నాడు.

అమ్మ ఆగిపోయింది. అటు నుంచి చప్పుడు లేదు. కాసేపటికి "ఏంటి నాన్నా అది?" అంది. ఏం లేదమ్మా అనబోయాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది. "ఉద్యోగం లేదమ్మా. ఫిబ్రవరి నుంచీ లేదు."

అమ్మ ఏదో అనబోతుంటే నాన్న ఫోన్ తీసుకున్నాడు. తిడతాడనుకున్నాను. "తిన్నావా?" అన్నాడు. లేదన్నాను. "ముందు కిందకి దిగి తిను. తర్వాత మాట్లాడదాం."

ఇక్కడ ఆపి బైబిల్లోకి వెళ్దాం. మొదటి రాజుల గ్రంథం, 18, 19 అధ్యాయాలు. ఇవాళ రాత్రి వీలైతే చదవండి, పది నిమిషాలు పట్టదు.

18వ అధ్యాయం మనందరికీ ఇష్టం. కర్మెలు కొండ మీద ఏలీయా ఒక్కడే నిలబడతాడు, ఎదురుగా బయలు ప్రవక్తలు 450 మంది. ఆకాశం నుంచి అగ్ని దిగుతుంది. సండే స్కూల్లో దీన్ని స్కిట్ వేయని మందిరం ఉండదేమో. 19వ అధ్యాయానికి మాత్రం ఎవరూ స్కిట్ వేయరు. యెజెబెలు రాణి ఒక కబురు పంపుతుంది, రేపటికల్లా నిన్ను చంపిస్తానని. అంత అగ్ని చూసిన మనిషి ఆ ఒక్క కబురుకి పరుగందుకుంటాడు. బెయేర్షెబా దాకా వెళ్ళి, తనతో ఉన్న పనివాణ్ణి అక్కడే వదిలేస్తాడు. ఒంటరిగా ఒక రోజంతా ఎడారిలో నడిచి, ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడుగుతాడు.

ఆ పనివాడి సంగతి నేను చాలా ఏళ్ళు గమనించనే లేదు. భయం మనతో మొదట చేయించే పని అదే, పక్కనున్న మనిషిని వదిలించుకోవడం. నేనూ అమ్మానాన్నల్ని మ్యూట్‌లో పెట్టాను కదా, తేడా ఏం లేదు.

దేవుడు ఏం చేశాడు? నిన్ననే అగ్ని చూపించాను, అప్పుడే భయమేంటి అని మందలించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, ఒక కుండలో నీళ్ళు. ఏలీయా తిని మళ్ళీ పడుకున్నాడు. దూత మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. మా నాన్న ఈ అధ్యాయం గుర్తుపెట్టుకుని తిన్నావా అన్నాడని నేననను. ఎవరు ఫోన్ చేసినా ఆయన అడిగే మొదటి మాట అదే. కానీ ఆ రాత్రి మెస్‌లో చల్లారిపోయిన సాంబారన్నం తింటుంటే నాకు ఈ రొట్టే గుర్తొచ్చింది.

తర్వాత ఏలీయా 40 పగళ్ళు, 40 రాత్రులు నడిచి హోరేబు చేరి, ఒక గుహలో దూరతాడు. ఇక్కడ నీకేం పని అని దేవుడు అడుగుతాడు. ఏలీయా తన బాధంతా చెప్పి, నేనొక్కణ్ణే మిగిలాను అంటాడు. పెద్ద గాలి, భూకంపం, అగ్ని వస్తాయి. వాటిలో దేవుడు లేడు. ఆ తర్వాత చాలా చిన్న స్వరం. దీని మీద ప్రసంగాలు బోలెడు విని ఉంటారు. కానీ ఆ స్వరం విన్నాక ఏం జరిగిందో చూడండి. దేవుడు అదే ప్రశ్న మళ్ళీ అడుగుతాడు. ఏలీయా అదే జవాబు మళ్ళీ చెబుతాడు. ఒక్క మాట తేడా లేదు, కావాలంటే 10వ వచనం, 14వ వచనం పక్కపక్కన పెట్టుకుని చదవండి. దేవుని స్వరం విన్నాక కూడా ఆయన నోట్లో అదే భయం, అదే ఫిర్యాదు. అయినా దేవుడు ఆయన్ని పక్కన పెట్టలేదు. పని అప్పగించాడు, ఎలీషాని తోడు ఇచ్చాడు, నువ్వొక్కడివే కాదు, ఇంకా 7,000 మంది ఉన్నారని లెక్క చెప్పాడు.

తమ్ముడూ, నీ ప్రశ్నకి నా జవాబు ఇక్కడుంది. భయం ఉండటం వల్ల ఏలీయా ఏలీయా కాకుండా పోలేదు. ఆయన చేసిన మంచి పని ఒకటే, ఆ భయాన్ని దేవుడితో ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను గుహలో ఉండి మూడు నెలలు ఒక్క మాట చెప్పలేదు. ప్రార్థనలో కూడా "ప్రభువా, అన్నిటికీ స్తోత్రం" అనేవాణ్ణి. ఉద్యోగం పోయిందని దేవుడికి కూడా చెప్పలేదు. ఆలోచిస్తే ఎంత విచిత్రం! కీర్తనల్లో 88వది చూడండి, చీకటి దగ్గర మొదలై చీకటి దగ్గరే ముగుస్తుంది, చివర్లో స్తోత్రం కూడా లేదు. అయినా దాన్ని బైబిల్లో ఉంచారు.

నాన్న మర్నాడు రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చాడు. ఒక చేతిలో ఆవకాయ జాడీ, ఇంకో చేతిలో ఎండుచేపల కవరు. పీజీ మొత్తం వాసన. మూడు రోజులున్నాడు. ఈఎంఐ సంగతి ఒక్కసారి మాట్లాడాడు, అంతే. ఆదివారం నేను గిటార్ వాయించనని చెప్పి, వెనకాల చాప మీద నాన్న పక్కన కూర్చున్నాను. నాకు పాట రాలేదు. నాన్న శృతి లేకుండా గట్టిగా పాడుతుంటే విన్నాను. ఆ వారం నా ఆరాధన అదే.

అందరూ నాన్నలా ఉండరు. విషయం తెలిశాక ఒక పెద్దాయన, "విశ్వాసం ఉన్నవాడికి గుండె దడ ఎందుకొస్తుంది?" అన్నాడు. ఆ మాటతో ఇంకో నెల వెనక్కి పోయాను. ఛాతీలో పట్టేసినట్టు ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఈసీజీ తీశారు, గుండె బాగానే ఉంది, ఇది ఆందోళన అన్నారు. కౌన్సెలింగ్‌కి పంపారు. వెళ్ళాను. ప్రార్థన చేసుకుంటూనే వెళ్ళాను, ఆ రెండిటికీ గొడవేం లేదు. మీలో ఎవరికైనా ఏలీయాలాగా ఇక చాలు అనిపిస్తుంటే, దయచేసి ఇవాళే ఒక మనిషికి చెప్పండి. ఎవరూ లేరనిపిస్తే 14416కి కాల్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

సెప్టెంబర్‌లో ఉద్యోగం వచ్చింది, పాత జీతం కంటే తక్కువకి. దీన్ని క్లైమాక్స్ అనుకుని కామెంట్లలో హల్లెలూయా పెట్టేస్తారని భయంగా ఉంది. స్తోత్రం చెప్పాను, చెప్పకుండా ఎలా ఉంటాను? కానీ నేను నిద్రపోవడం మొదలైంది జూన్‌లో. అప్పటికి ఉద్యోగం లేదు.

మా నాన్నమ్మ ప్రార్థన చేసుకోవడాన్ని "కనిపెట్టుకుని ఉండటం" అనేది. గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళు చాలామంది ఇలాగే అంటారు. ముంగమూరి దేవదాసు గారు 1938లో మొదలుపెట్టిన బైబిలు మిషను సంఘాల్లో అయితే సన్నిధిలో మౌనంగా కనిపెట్టడం పెద్ద అలవాటు. చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు, మాట్లాడకుండా కూర్చుంటే ప్రార్థన ఎలా అవుతుందని. ఇప్పుడు నేను చేసేది దాదాపు అదే. ఫోన్ వంటింట్లో ఛార్జింగ్‌కి పెట్టి, అచ్చు బైబిల్ తీసుకుని, పదిహేను నిమిషాలు. మొదటి అయిదు నిమిషాలు చెయ్యి ఊరికే జేబు తడుముతుంది. తడమనీ అని వదిలేస్తాను. తర్వాత ఆ రోజు దేనికి భయపడ్డానో దాని పేరు పెట్టి పైకి చెబుతాను. "ప్రభువా, అద్దె గురించి భయంగా ఉంది." అంతే, అలంకారాలు లేకుండా. కొన్ని రోజులు భయం తగ్గుతుంది, కొన్ని రోజులు తగ్గదు. రెండు వారాల క్రితం ఛానెల్ వ్యూస్ సగానికి పడిపోయాయి. ఉద్యోగం మానేసి ఇటు వచ్చి తప్పు చేశానా అని ఆ రాత్రి మళ్ళీ గుండె దడ. మళ్ళీ ఫోన్ పట్టుకున్నాను, ఒంటిగంట దాకా. మర్నాడు నాన్నకి చెప్పాను. తిన్నావా అన్నాడు.

తమ్ముడూ, వచ్చే ఆదివారం కీబోర్డ్ వాయించాలో మానాలో నేను చెప్పను. నీ పక్కన డ్రమ్స్ వాయించేవాడు ఉంటాడు కదా, లేదా పాడే అక్క, ఎవరో ఒకరు. నాకు పెట్టిన మెసేజే వాళ్ళకి పెట్టు. వాళ్ళు సరిగ్గా తీసుకోకపోతే నాకు రాయి, నంబర్ పంపిస్తాను, మాట్లాడుకుందాం.

సరే, తొమ్మిదికి అయిదు నిమిషాలుంది, అమ్మ ఫోన్ వచ్చేస్తుంది. ఈ మధ్య నన్ను మ్యూట్‌లో పెట్టనివ్వట్లేదు, వీడియో కాలే చేస్తోంది. ఉంటాను.