రుబీడియం గడియారానికి శ్రుతి

మొబైల్ టవర్లలో పనిచేసి పాత సామాన్ల అంగడికి చేరిన రుబీడియం డబ్బాలను కొనుక్కుని, ఇంట్లోనే కచ్చితమైన గడియారం కట్టుకునే సరదారాయుళ్లున్నారు. డబ్బాలోని గాజుబుడ్డిలో రుబీడియం ఆవిరి ఉంటుంది. సెకనుకు సుమారు 683 కోట్ల 46 లక్షల కంపనాల దాని సహజ లయే క్వార్ట్జ్ స్ఫటికాన్ని 10 మెగాహెర్ట్జ్ దగ్గర నిలబెడుతుంది.

అయినా శ్రుతి చేయాల్సిందే. బుడ్డి చుట్టూ ఉన్న తీగచుట్టలో కరెంటు మారిస్తే అయస్కాంత క్షేత్రం మారి, లయ రవ్వంత జరుగుతుంది. వీణ బిరడా తిప్పినట్టే!

ఎంత తిప్పాలి? జీపీఎస్ రిసీవరు సెకనుకోసారి ఇచ్చే పల్సు పక్కన మన గడియారం పల్సును ఆసిలోస్కోపులో చూడాలి. రోజుకు 864 నానోసెకన్లు జరిగితే, తేడా లక్ష కోట్లలో పది వంతులు. జీపీఎస్ పల్సు కూడా కాస్త వణుకుతుంది కాబట్టి గంటల తరబడి ఆగి చూడాలి. తొందరపడితే ఆ వణుకునే సరిదిద్దుతూ కూర్చుంటాం. డబ్బా అడుగున మందపాటి అల్యూమినియం పలక బిగించడం మరవకండి, వేడికి కూడా లయ జరుగుతుంది.