మామూలేనండీ అనుకోకండి



ఈమధ్య ఒక ఇల్లాలు నీరసానికి టానిక్కు రాయించుకుందామని నా దగ్గరకు వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7 గ్రాములే ఉంది. కనీసం 12 ఉండాలి. "నెలసరి ఎలా అవుతోందమ్మా?" అంటే, "మామూలేనండీ, తొమ్మిది రోజులు" అంది. రక్తం గడ్డలుగా పడటం, రాత్రి రెండుసార్లు లేచి గుడ్డ మార్చుకోవడం కూడా ఆవిడకు మామూలే! వాళ్లమ్మకూ అంతేనట.

స్కానింగులో గర్భసంచిలో కంతి కనబడింది. దీన్నే ఫైబ్రాయిడ్ అంటాం. గర్భసంచి కండరంలోంచే పెరుగుతుంది. కంతి అనగానే కేన్సరేమోనని హడలిపోతారు గాని, అలా కావడం చాలా అరుదు. చిత్రమేమిటంటే, పరిమాణం కన్నా అది ఉన్న చోటే ముఖ్యం. సంచి బయటివైపు పెరిగినది బత్తాయంత ఉన్నా నెలసరిలో మార్పు రాకపోవచ్చు. లోపలి పొర కిందిది ఉసిరికాయంతే అయినా విపరీతంగా రక్తం పోవచ్చు. ఈవిడది అదే.

"పిల్లలున్నారుగా, సంచి తీసేయండి" అంది వెంట వచ్చిన ఆడపడుచు. అంత తొందరెందుకు? బాధ పెట్టని కంతిని కనిపెట్టి ఉంటే చాలు. రక్తస్రావం తగ్గించే మాత్రలున్నాయి. కంతిని మాత్రమే తీసే పద్ధతులున్నాయి. ముట్లుడిగాక ఇవి సాధారణంగా కుంచించుకుపోతాయి. కాని ముట్లుడిగిన తర్వాత మళ్లీ రక్తం కనబడితే మాత్రం, పాత కంతిదేలే అని ఊరుకోకుండా వెంటనే చూపించుకోండి.

ఆవిడ ఇప్పుడు ఐరన్ మాత్రలు వాడుతోంది. పాలవాడి లెక్క రాసే కేలండరులోనే నెలసరి తేదీలూ గుర్తు పెడుతోంది.