గుడ్డులోంచి వచ్చే పాఠం

కృష్ణా డెల్టాలో అంగన్‌వాడీ కేంద్రాలకు వెళ్లే పసివాళ్లకు గుడ్డు కంచంలో పరిచయమే. అందులోంచి ప్రాణం ఎలా వస్తుందో చూపించడానికి పెరట్లో పొదుగుకు కూర్చున్న నాటుకోడి చాలు.

గుడ్డు పిల్ల కావడానికి దాదాపు 21 రోజులు పడుతుంది. గంపలో వరిగడ్డి పరిచి గుడ్లు పెడితే, కోడి ఒంటి వెచ్చదనమిస్తూ వాటిని రోజూ దొర్లిస్తుంది. వారం తరువాత చీకట్లో గుడ్డుకు టార్చిలైటు ఆనిస్తే, లోపల సన్నని ఎర్రటి రక్తనాళాలు కనిపిస్తాయి. చివరికి పిల్ల తన ముక్కు మీది గట్టి మొనతో పెంకు పగలగొడుతుంది. బయటపడడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది. మనం తొందరపడి పెంకు వలిస్తే రక్తం కారి పిల్ల ప్రాణం పోవచ్చు.

పసివాళ్లతో కేలెండర్లో రోజుకొక గీత గీయించండి. లెక్కతోపాటు ఓర్పూ వస్తుంది. ‘లోపల పిల్ల ఏం తింటుంది?’ అని అడిగితే, పచ్చసొనే దాని ముఖ్య ఆహారమని చెప్పండి.

ఒక్క జాగ్రత్త. కోడిపిల్లల మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అయిదేళ్లలోపు పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, చూడనివ్వండి. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి. టీచరమ్మలూ, తల్లిదండ్రులూ! మీ ఊళ్లో కోడి పొదుగుకు కూర్చుంటే, పిల్లల్ని తప్పక తీసుకెళ్లి చూపించండి.