పేరెరుగని గులాబి

తల్లిదండ్రులారా!

1443లో హీరాటునుండి విజయనగరమునకు వచ్చిన రాయబారి అబ్దుర్ రజాక్, అచటి జనులకు గులాబి ఆహారమంత ఆవశ్యకమని వ్రాసినాడు. ఆ శిథిలములకు చేరువనున్న మన పెరళ్ళలో, పేరెవ్వరును ఎరుగని పాత గులాబులు కొన్ని మిగిలియున్నవి. పాత యిల్లు పడగొట్టిననాడు అవియు పోవును. విత్తు వేసిన తల్లిచెట్టు గుణము నిలువదు. కొమ్మ నాటిననే నిలుచును.

కావున మేము కోరునది యిది. వానలు వెనుకపట్టిన పిదప, పూచి రాలిన కొమ్మను పెన్సిలు లావున, జానెడు పొడవున, కణుపు క్రిందుగా కోయుడు. పై రెండాకులు మాత్రముంచి, మూడింట రెండుపాళ్ళు ఇసుక కలిపిన మంటిలో పాతి, నీడనుంచి, తడి ఆరనీయకుడు. సుమారు రెండు మాసములలో వేరు పట్టును. అన్నియు బ్రతుకవు, కనుక నాలుగైదు నాటుడు. ఒక మొక్క మీ యింటను, ఒకటి బడిలోను ఉండవలెను.

తెలియని పేరును కల్పింపకుడు. బెర్ముడా ద్వీపమున 1954లో ఏర్పడిన గులాబి సంఘమువారు, పేరు పోయిన చెట్లను దొరికిన చోటి పేరనో, తోట యజమాని పేరనో పిలిచి కాపాడిరి. మనమును గ్రామము, ఇల్లు, సంవత్సరము చీటీపై వ్రాయుదము. ఆ పూవును అవ్వ ఏమని పిలిచెడిదో అడిగి, ఆ మాటను పిల్లచేతనే తెలుగున వ్రాయింపుడు. చెట్టుకు కొమ్మ చాలును. మాటకు మాత్రము అడుగువారు కావలెను.