నిత్యాచారమున శ్రద్ధ
(దువ్వాడ వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



విద్యానిధినిగూర్చియు, యువకుల ఉద్యోగములనుగూర్చియు పెద్దలు సెలవిచ్చియున్నారు. మాకు నిర్ణయింపబడిన విషయము వానికంటె చిన్నది. కాని ప్రతిగృహమునకును ప్రతిదినమును సంబంధించినది. శ్రద్ధతోడి ఆచారములను నిత్యజీవితములోనికి ఎట్లు తెచ్చుకొనవలెనన్నదే ఆ విషయము.

ఈ ప్రశ్నను దువ్వాడయందు అడుగుట మిక్కిలి ఉచితము. విశాఖ ఉక్కుకర్మాగారమును స్థాపింతుమని 1970 ఏప్రిలు 17వ తేదీన పార్లమెంటులో ప్రకటించిరి. 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1992 ఆగస్టు 1వ తేదీన కర్మాగారము జాతికి అంకితమయ్యెను. దానికొఱకు ఈ ప్రాంతమున అనేకగ్రామములు ఖాళీ అయినవి. భూమికి పరిహారము కట్టవచ్చును. చెఱువుగట్టునకును, గ్రామదేవత గుడిముందటి వేపచెట్టునకును, వీథివారందఱు ఒక్కవేళకు దీపము పెట్టు అలవాటునకును వెలకట్టగలవారెవరు?

కర్మాగారము వేలకుటుంబములకు అన్నము పెట్టినది; కాదనము. కాని అది మన గడియారమునుగూడ మార్చినది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యను చల్లని పేర్లుగల ఆ మహాకొలుములను పండుగయని ఆర్పుటకు వీలులేదు. తండ్రి రాత్రిషిఫ్టునుండి వచ్చువేళకు కుమారుడు కళాశాలకు, కోడలు ఉద్యోగమునకు బయలుదేఱుదురు. ఒక్కయింటి నలుగురు నాలుగువేళల భుజించుచున్నారు. పూర్వము ఆచారమును ఊరు నిలిపెను. ఊరు చెదరినపిదప దానిని నిలుపవలసినది మన మనస్సే.

“తీరిక లేదు” అని మనవారు చెప్పుదురు. శ్రద్ధకు కావలసినది తీరిక కాదు. ఈ దువ్వాడ స్టేషనుమీదుగా హౌరా-చెన్నై మార్గమున రేయింబవళ్లు బండ్లు పోవుచుండును. ఇంజనులోని లోకోపైలటును, ఆయన సహాయకుడును సిగ్నలు కనబడగనే అది యేమి చూపుచున్నదో ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకొందురు. ఇద్దరికిని చూపు కలదు గదా, మరి చెప్పుకొనుట యేల? కంటబడినది మనస్సున నాటవలెనని. జపానుదేశపు రైల్వేవారు దానిని వ్రేలితో చూపి, నోటితో పలుకుదురు. 1994లో అక్కడి రైల్వే సాంకేతిక పరిశోధనాలయమువారు పరీక్షింపగా, 100 పనులకు 2.38 చొప్పున జరుగు పొరపాట్లు ఈ పద్ధతివలన 0.38కి తగ్గినవి. ఇందు మహిమ యేమియు లేదు. కన్ను, చేయి, నోరు, మనస్సు ఒక్కపనియందు కూడుటయే యిది. మన పెద్దలు శ్రద్ధ యనినది దీనినే.

మనకు సమీపముననే సింహాచలక్షేత్రము కలదు. అచ్చటి స్వామికి వైశాఖశుద్ధ తదియనాడు నిజరూపదర్శనమైనపిమ్మట తిరిగి చందనము సమర్పింతురు. అంతయు ఒక్కనాడే సమర్పింపరు. ఆనాడు కొంత, వైశాఖపూర్ణిమకు కొంత, జ్యేష్ఠపూర్ణిమకు కొంత, ఆషాఢపూర్ణిమకు కొంతగా నాలుగు విడతల సమర్పింతురు. చందనపుచెక్కను సానమీద అరగదీయుటలో తొందర పనికిరాదు. నిత్యాచారముగూడ అట్టిదే. కొంచెముకొంచెముగా అలవడినదే నిలుచును.

కావున ప్రతిగృహమునకు సాధ్యమైన నాలుగింటిని మనవి చేయుచున్నాము.

మొదటిది గడప. అపార్టుమెంటువారికిని తలుపుముందు జానెడు చోటు ఉండును. అచ్చట బియ్యపుపిండితో నాలుగుగీతల ముగ్గు పెట్టుడు; చీమలకు ఆహారమగును. వ్రేళ్లనుండి పిండి జాఱునంతసేపు మనస్సు వేరొకచోటికి పోరాదు. పోయెనా, గీత వంకరపోవును.

రెండవది దీపము. సంజవేళకే కావలెనని పట్టుపట్టవలదు. పొద్దుపోయి షిఫ్టు ముగించుకొని వచ్చినవాడు వచ్చినవేళనే వత్తి వెలిగించి, అది నిలుకడగా వెలుగువఱకు మౌనముగా చూచిన చాలును.

మూడవది అన్నము. తొలిముద్దకు ముందు క్షణకాలము చేయి నిలిపి, పండించినవారిని, వండినవారిని తలంపవలెను. కంచముచెంత ఫోను ఉండరాదు. వారమునకు ఒక్కపూటయైనను ఇంటివారందఱు ఒక్కపంక్తిని కూర్చుండవలెను.

నాలుగవది పనిముట్టు. దసరానాడు యంత్రమునకు బొట్టుపెట్టి, మఱునాడు హెల్మెట్టు లేక పనిలోనికి దిగువాని పూజ వ్యర్థము. ప్రతిదినము పనిముట్టును తుడిచి, పరీక్షించి చేతబట్టుటయే నిత్యాయుధపూజ.

ఇందు మూడు హెచ్చరికలు కలవు. ఆచారభారమంతయు స్త్రీలపై మోపుట న్యాయము కాదు. ఉద్యోగము చేసి, వంటచేసి, పిల్లలను చదివించు ఇల్లాలే ముగ్గును దీపమునుగూడ చూడవలెననుట శ్రద్ధ కాదు, నిర్దయ. పురుషులు వత్తి చేసినంతమాత్రమున గౌరవమునకు లోపము రాదు. రెండవది, ఆచారము పేర ఎవరినైనను గడపవెలుపల నిలుపువాడు ఆచారమునే గడప దాటించుచున్నాడు. మూడవది, ఆడంబరము. శుభకార్యములకు అప్పులుచేసి, తిన్నదానికంటె పాఱవేసినది ఎక్కువయగునట్లు విందులు పెట్టుట మనలో పెరుగుచున్నది. ఏడాదికొకనాటి వైభవము ప్రతిదినపు అశ్రద్ధను కప్పిపుచ్చజాలదు. ఆ ధనములో కొంత విద్యానిధికి చేరినయెడల ఒక బీదవిద్యార్థి చదువు సాగును.

మా ప్రార్థన యొక్కటే. ఈ నాలుగింటిలో ఏదైన నొకదానిని ప్రతికుటుంబము నేడు స్వీకరించి, ఒక్కమండలము, అనగా 40 దినములు, విడువక జరుపవలెను. ఊరిని తిరిగి కట్టుట మనచేతిలో లేదు. అందు కలసి బ్రతికిన మనస్సును పిల్లలకు అందించుట మనచేతిలో నున్నది. వారు మన ఉపన్యాసములను జ్ఞాపకముంచుకొనరు. తండ్రి తొలిముద్దకు ముందు చేయి నిలిపినది జ్ఞాపకముంచుకొందురు.