ఇరుగుపొరుగును తెలుసుకొనే దారి: ప్రాంతీయాధ్యయనాలకు ఆన్‌లైన్ ఆధారాలు

(జాతీయ గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక కళాశాలలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చరిత్రకారుణ్ణి కాను. గ్రంథాలయ శాస్త్రం చదివినవాణ్ణీ కాను. హిందీలో ఎం.ఏ. చేసి, హిందీ నుంచి తెలుగులోకి అనువాదాలు చేసుకొనేవాణ్ణి. ఇటువంటి వాడు పరిశోధనాధారాల గురించి మాట్లాడడమేమిటని మీకు సందేహం కలగవచ్చు. దానికి సమాధానంగా నేను చేసిన ఒక పొరపాటును మీ ముందు పెడతాను.

కొన్నేళ్ళ క్రితం బీహారు గ్రామాల్లో జరిగిన భూముల సర్వేను గురించిన ఒక హిందీ వ్యాసాన్ని అనువదించాను. అందులో అమీన్ జరీబు తీసుకొని ఊళ్ళోకి వచ్చాడని ఒక వాక్యం ఉన్నది. మన ప్రాంతంలో అమీనా అనగానే కోర్టు ఉత్తర్వుతో జప్తుకు వచ్చే ఉద్యోగి గుర్తుకు వస్తాడు. జరీబు అంటే కృష్ణాతీరం రైతుకు నీటివసతి గల మాగాణి భూమి. ఈ రెండూ నాకు తెలిసిన మాటలే కదా అనే ధీమాతో, అమీనా జరీబు భూమిని స్వాధీనం చేసుకొనడానికి వచ్చాడని రాసివేశాను. అది అలాగే అచ్చయింది. ఉద్యోగరీత్యా కొంతకాలం బీహారులో నివసించిన ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. “అయ్యా, అక్కడ అమీన్ పొలం కొలిచేవాడు. జరీబు అతని చేతిలోని కొలత గొలుసు. మీరు కొలతను జప్తుగా మార్చారు” అని అందులో ఉన్నది.

ఆ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. ఒక రాష్ట్రంలో రైతుకు హక్కు నిర్ణయించడానికి జరిగిన పని, నా తెలుగులో రైతు భూమిని లాగుకొనే పనిగా మారిపోయింది. దానిని చదివిన విద్యార్థి బీహారును గురించి ఒక అబద్ధాన్ని నిజమని నేర్చుకొని ఉంటాడు. తెలియని మాటకు నిఘంటువు చూస్తాము. తెలిసినదనుకొన్న మాటకు చూడము. పొరుగు ప్రాంతాల విషయంలో మన అజ్ఞానం కంటె ఈ అర్ధజ్ఞానమే ఎక్కువ హాని చేస్తుంది.

ఆ రెండు మాటల అర్థం ఎక్కడ దొరికిందో చెబితే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం నిర్వహిస్తున్న డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో దొరికింది. 1884లో వెలువడిన ప్లాట్స్ ఉర్దూ, హిందీ నిఘంటువు, కాశీ నాగరీ ప్రచారిణీ సభవారి హిందీ శబ్దసాగరం, సి.పి. బ్రౌన్ తెలుగు నిఘంటువు, మరెన్నో భారతీయ భాషల నిఘంటువులు అక్కడ ఒకేచోట ఉన్నాయి. రుసుము లేదు. మాట టైపు చేస్తే అర్థం కనిపిస్తుంది. నాకు ఆ సంగతి ముందే తెలిసి ఉంటే, అయిదు నిమిషాల పనితో ఆ తప్పు తప్పిపోయేది.

మన పుస్తకాలు అక్కడికెలా చేరాయి?

మన భాషల పుస్తకాలు షికాగోలో ఎందుకున్నాయనేది న్యాయమైన ప్రశ్న. 1954లో అమెరికా చేసిన పి.ఎల్. 480 అనే చట్టం కింద మన దేశానికి గోధుమలు వచ్చాయి. వాటి వెలను మనం రూపాయలలో చెల్లించాము. ఆ రూపాయలలో కొంత భాగంతో 1962 నుంచి ఢిల్లీలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కార్యాలయం భారతీయ భాషలలో వెలువడిన పుస్తకాలను, పత్రికలను కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. ఒక దేశాన్ని, లేదా కొన్ని దేశాల సముదాయాన్ని, భాష, చరిత్ర, ఆర్థికస్థితి, సాహిత్యం కలిపి చదివే విధానానికి ప్రాంతీయాధ్యయనం అని పేరు. దక్షిణాసియా అధ్యయనానికి అక్కడ పునాది వేసిన వాటిలో ఈ పుస్తకాల రాక ఒకటి.

లండన్ సంగతి అంతకంటె పాతది. బ్రిటిష్ మ్యూజియంలోని తెలుగు పుస్తకాల పట్టిక 1912లోనే అచ్చయింది. కనుక మన ఊళ్ళో చెదలపాలైన పుస్తకం విదేశంలో పదిలంగా ఉండడం అరుదు కాదు. దానికి చింతించడం సహజమే. అయితే ఇప్పుడు వాటిలో అనేకం మన ఇంటి ముంగిటికే తిరిగి వచ్చాయి. వాటిని లోపలికి పిలవడం మనకు తెలియాలి.

మన దేశంలోనూ ఈ కృషి తక్కువగా జరగలేదు. 1891లో కలకత్తాలో ఆరంభమైన నేటి జాతీయ అభిలేఖాగారం తన దస్త్రాలను అభిలేఖ్ పటల్ అనే పోర్టల్‌లో అందిస్తున్నది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నడిపే శోధగంగలో మన విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాలు ఉన్నాయి. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. నిర్మించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని 2018లో జాతికి అంకితం చేశారు. జనాభా లెక్కల శాఖ పాత నివేదికలతోపాటు, 1961 లెక్కల సందర్భంగా తయారైన గ్రామ సర్వే గ్రంథాలనూ ఆన్‌లైన్‌లో ఉంచింది. ఒక్కొక్క గ్రామాన్ని ఎన్నుకొని, అక్కడి ఇళ్ళు, వృత్తులు, ఆహారం, పండుగలు, అప్పులు నమోదు చేసిన గ్రంథాలవి. ఒరిస్సా పల్లెనో, గుజరాత్ పల్లెనో గురించి వ్యాసం రాయదలచిన విద్యార్థికి ఇంతకంటె మంచి ఆరంభం లేదు.

ఒక యాత్ర వెంట

పేర్ల జాబితా చదివితే మీకు విసుగు. అందుచేత ఒక ఉదాహరణ తీసుకొంటాను. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. అంటే ఆయనా ఒక విధంగా మా వృత్తివారే. 1830 మే నెలలో మద్రాసునుంచి బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, అలహాబాదుల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకొని, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరుకొన్నారు. దారి పొడుగునా చూసినదంతా రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెగారికి పంపేవారు. అది 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది.

ఈ పుస్తకాన్ని ఆధారంగా చేసుకొని ఆనాటి దేశస్థితిని పరిశీలించాలనుకొందాము. మొదటి పని మూలగ్రంథం. అది తెలుగు వికీసోర్స్‌లో ఉన్నది. అక్కడ పుస్తకాన్ని అక్షరాల్లోకి మార్చారు గనుక ఊరి పేరు టైపు చేసి వెదకవచ్చు. అదే పుస్తకం ఛాయాచిత్రాల రూపంలో ఉంటే పుటలు తిరగవేయవలసిందే. ఈ భేదం ముఖ్యమైనది. అక్షరరూపంలో ఉన్నది వెదకడానికి. అచ్చుపుట బొమ్మ సరిచూసుకొనడానికి. ఒకదానితో పని పూర్తి కాదు.

రెండవ పని, ఆయన చెప్పిన ఊళ్ళను గుర్తించడం. చాలామంది వెంటనే ఇంపీరియల్ గెజిటీరు తెరుస్తారు. అది ఇరవైఆరు సంపుటాల గొప్ప గ్రంథం. డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో పూర్తిగా ఉన్నది. కాని అది 1908 ప్రాంతంలో వెలువడినది. అప్పటికి రైలు వచ్చింది, పట్టణాలు పెరిగాయి, బాటలు మారాయి. వీరాస్వామయ్యగారు చూసిన నాగపూరు భోసలే రాజుల నాగపూరు. గెజిటీరులోని నాగపూరు బ్రిటిష్ పరగణా రాజధాని. సుమారు ఎనభై ఏళ్ళ తరువాతి పుస్తకాన్ని పట్టుకొని ముందుకాలాన్ని కొలిస్తే, నా జరీబు కథే మళ్ళీ జరుగుతుంది. వాల్టర్ హామిల్టన్ ఈస్ట్ ఇండియా గెజిటీరు రెండవ కూర్పు 1828లో వచ్చింది. అంటే యాత్రకు రెండేళ్ళు ముందు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అది లభిస్తుంది. కాశీనగరానికయితే జేమ్స్ ప్రిన్సెప్ 1822లో కొలిచి గీసిన పటమూ, ఆయన చిత్రించిన ఘట్టాల బొమ్మలూ ఉన్నాయి. ఆధారం ఏ కాలానిదో అడగడం పరిశోధకుని మొదటి ధర్మం.

మూడవ పని ప్రతిపక్షం. ఒక తెలుగు యాత్రికుడు కాశీని చూసిన తీరు ఒకటి. కాశీవాసి తన ఊరిని చూసుకొనే తీరు మరొకటి. హిందీ, బెంగాలీ గ్రంథాలలోనూ అదే కాలం గురించి వెదకాలి. భాష రాకపోతే ఆ భాష తెలిసిన అధ్యాపకుని అడగాలి. ప్రాంతీయాధ్యయనం ఒంటరిగా చేసే పని కాదు.

పేరు మారితే తాళం మారుతుంది

ఇక వెదికే విధానం. యంత్రానికి ఊహ తక్కువ. మీరు కడప అని వెదికితే, కుడ్డపా అని ఆంగ్ల వర్ణక్రమంలో ఉన్న పాత దస్త్రం కనిపించకపోవచ్చు. విజయవాడ పాత కాగితాలలో బెజవాడ. విశాఖపట్నం అక్కడ వైజాగపటం. మచిలీపట్నం మసూలిపటం. చెన్నై పేరు అధికారికంగా 1996లో, కొల్‌కత పేరు 2001లో మారాయి. అంతకు ముందటి కాగితాలకు మద్రాసు, కలకత్తా అన్నవే తాళంచెవులు.

పుస్తకాల పేర్ల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. ఈ శతాబ్దం ఆరంభంలో మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. కాని తెలుగు పేర్లను ఆంగ్లాక్షరాలలో ఎక్కించినవారు ఎవరికి తోచినట్టు వారు రాశారు. కాశీ అనే మాటలో దీర్ఘాన్ని ఒకరు రెండక్షరాలతో, మరొకరు ఒక అక్షరంతో చూపారు. శకారానికి ఒకరు హెచ్ చేర్చారు, మరొకరు చేర్చలేదు. అందుచేత ఒక పుస్తకానికి నాలుగయిదు వర్ణక్రమాలు కాగితం మీద రాసుకొని, ఒక్కొక్కటిగా ప్రయత్నించవలె. అలాగే రచయిత పేరుతో, ప్రచురణ సంస్థ పేరుతో కూడా వెదకవలె. దొరకలేదు అన్న మాటకు, లేదు అన్న మాటకు చాలా దూరం ఉన్నది.

మరొక సంగతి. ఒక భాషను గురించిన ఆధారాలు ఆ భాష మాట్లాడే ప్రాంతంలోనే ఉంటాయనుకొనడం పొరపాటు. తొలి హిందీ వార్తాపత్రిక ఉదంత మార్తాండ్ 1826లో పుట్టినది కలకత్తాలో. మన ఆంధ్రపత్రికను కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో ఆరంభించినది బొంబాయిలో. తెలుగు వ్రాతప్రతులు ఎన్నో మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. ప్రాంతాన్ని గురించి చదవడం మొదలుపెట్టినవాడు చివరికి దేశమంతా తిరగక తప్పదు. మన సమైక్యత ఉపన్యాసాలలో కంటె ఈ గ్రంథసూచికలలో స్పష్టంగా కనిపిస్తుందని నా నమ్మకం.

కాలిపోయినవి, నిలిచినవి

సరిహద్దులు దాటి కూడా ఒక్క చూపు చూద్దాము. శ్రీలంకలోని జాఫ్నా ప్రజా గ్రంథాలయం 1981లో అగ్నికి ఆహుతి అయింది. సుమారు 97,000 పుస్తకాలు, తాళపత్రాలు బూడిదయ్యాయి. శ్రీలంక తమిళుల రచనలను ఆన్‌లైన్‌లో భద్రపరచే నూలహం అనే గ్రంథాలయం 2005లో మొదలయింది. వాలంటీర్లు పుటపుటా స్కాన్ చేసి దానిని పెంచారు. బంగ్లాదేశ్ ఏషియాటిక్ సొసైటీ 2003లో బంగ్లాపీడియా అనే విజ్ఞానసర్వస్వాన్ని వెలువరించింది. అదీ ఆన్‌లైన్‌లో ఉన్నది. ఇరుగు దేశాలవారు తమను గురించి తామే రాసుకొన్న వీటిని చదవకుండా, మూడవవారు రాసినదానితో సరిపెట్టుకొనడం ఉచితం కాదు.

అయితే ఆన్‌లైన్‌లో ఉన్నదంతా శాశ్వతమని భ్రమపడవద్దు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు తరువాత మూతపడింది. అందులోని పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మిగిలాయి. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి, బ్రిటిష్ లైబ్రరీ ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి స్తంభించాయి. అందుచేత ఉపయోగించిన ఆధారం పేరు, ప్రచురణ సంవత్సరం, పుటసంఖ్య, చూసిన తేదీ వెంటనే రాసుకొనడం అలవాటు చేసుకోండి. దొరికినదంతా అచ్చు వేసుకొనవచ్చునన్న భ్రమ కూడా వద్దు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత అరవై సంవత్సరాల వరకు హక్కులు వారసులవి.

చివరిగా ఈ కళాశాల గ్రంథాలయానికి ఒక విన్నపం. ప్రవేశద్వారం దగ్గర ఒక నోటుపుస్తకం ఉంచండి. ఏ ఆధారం ఎక్కడ దొరికిందో, ఏ వర్ణక్రమంతో దొరికిందో, వెదికిన విద్యార్థి అందులో తెలుగులో రాయాలి. రెండేళ్ళలో అది ఏ జాబితాకూ తీసిపోని మార్గదర్శి అవుతుంది. తరువాత వచ్చేవాడు మొదటినుంచి మొదలుపెట్టనవసరం ఉండదు.

నా అనువాదం తప్పని ఉత్తరం రాసిన పాఠకుణ్ణి నేనింతవరకు చూడలేదు. ఆయన ఉత్తరం మాత్రం నా బల్లమీద ఉన్నది. ఇప్పుడు తెలియని మాట వచ్చినప్పుడు నిఘంటువు తెరుస్తున్నాను. తెలిసిన మాట వచ్చినప్పుడు రెండు నిఘంటువులు తెరుస్తున్నాను. మీరూ అలా చేయండి.